బొమ్మ పోయింది... బిల్లుందా?

కొత్త టీవీ ఇంటికొచ్చిన రోజు పండగ. అదే టీవీ మొరాయించిన రోజు... దుకాణంవాళ్లు కంపెనీని చూపిస్తారు. కంపెనీవాళ్లు సర్వీస్ సెంటర్‌ని చూపిస్తారు. సర్వీస్ కుర్రాడు ‘పైనుంచి అప్రూవల్ రావాలి సార్’ అంటూ పైకి చూస్తాడు! ఈ మూడు ముక్కలాటలో కొన్నవాళ్లను గెలిపించే ముక్క ఒక్కటే. కాగితం.

ఆదివారం సాయంత్రం. బర్కత్‌పుర చమన్‌కి కాస్త దూరంలో ఓ పాత అపార్ట్‌మెంట్. పెద్దాయన పేపర్లో పదవినోదం పూరిస్తున్నారు. వంటింట్లోంచి పకోడీల వాసన. హాల్లో కొత్త టీవీ. 43 అంగుళాలది. పండగ ఆఫర్లో కొని పంతొమ్మిది రోజులైంది.

‘‘ఏమండీ... ఇటు రండి. బొమ్మ మీద గీత పడిందండీ!’’

తెర పైనుంచి కిందికి, సన్నగా, ఆకుపచ్చగా... ఒక గీత. రిమోట్ నొక్కారు. ఆపి మళ్లీ వేశారు. పాత అలవాటు కొద్దీ పక్కన చిన్నగా తట్టారు కూడా. గీత కదల్లేదు.

ఈ దంపతులకు పేర్లు అక్కర్లేదు. బర్కత్‌పురలోనే కాదు నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్... ఏ వీధిలోనైనా ఇలాంటివారు ఉండొచ్చు. ఒక ఇంట్లో గీత, ఇంకో ఇంట్లో చీకటి, మరో ఇంట్లో మాట వినిపిస్తుంది గానీ మనిషి కనిపించడు. టీవీకొచ్చే జబ్బులు వేరు కావచ్చు. దాన్ని బాగుచేయించుకోవడానికి పడే పాట్లు మాత్రం ఒకటే. అందుకే ఈ బర్కత్‌పుర దంపతుల్ని ఓ ఉదాహరణగా అనుకుని వాళ్లతోపాటే మెట్టు మెట్టూ ఎక్కి చూద్దాం.

అప్పట్లో మెకానిక్కే వారంటీ

టీవీ అనేది హైదరాబాద్‌కి పరాయి వస్తువేం కాదు. 1967లో ఇక్కడ ఏర్పాటైన ఈసీఐఎల్ తర్వాతి కాలంలో ‘ఈసీ టీవీ’లు తయారుచేసి దేశమంతా అమ్మింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు అందించిన ‘సైట్’ ప్రయోగానికి సామూహిక టీవీ సెట్లు తయారుచేసిందీ ఆ సంస్థే. ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. ఊరికి సెట్టు ఇచ్చి చేతులు దులుపుకోలేదు. చెడిపోతే బాగుచేసే ఏర్పాటునూ ప్రయోగంలో భాగం చేశారు. పనిచేయని టీవీతో పాఠం చెప్పలేమని వాళ్లకు తెలుసు మరి!

1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది. 1982 ఆసియా క్రీడలతో రంగుల బొమ్మ వచ్చింది. 1987-88లో ఆదివారం పొద్దున రామాయణం వేళకి టీవీ ఆగిపోతే ఇల్లంతా గాభరా. వీధి చివర మెకానిక్ కోసం పిల్లలు పరుగెత్తేవాళ్లు. ఆయన స్క్రూడ్రైవర్, సోల్డరింగ్ ఐరన్ సంచిలో వేసుకుని వచ్చేవాడు. వెనక మూత విప్పి, దుమ్ము ఊది, ఏదో ఒక చిన్న భాగం మార్చేవాడు. బొమ్మ వచ్చేది. ఆయనకో కాఫీ వచ్చేది. కావాల్సిన విడిభాగం చాలావరకు కోఠి గుజరాతీ గల్లీలో దొరికేది. ఆ రోజుల్లో నమ్మకమంతా మనిషి మీద.

ఇప్పటి టీవీ అలా కాదు. లోపల ఉండేవి ప్రధానంగా నాలుగైదు: తెర అంటే ప్యానెల్, దాని వెనక వెలుగునిచ్చే బ్యాక్‌లైట్, కరెంటు సర్దే పవర్ బోర్డు, మెదడులాంటి మెయిన్ బోర్డు, బొమ్మను తెరకు పంచే టీ-కాన్ బోర్డు. వీటన్నింటిలో ఖరీదైనది ప్యానెల్. వారంటీ దాటాక అది పోయిందంటే, మార్చడానికయ్యే ఖర్చు చూసి కొత్త టీవీయే నయమనుకునేవాళ్లు ఎక్కువ. కాబట్టి నమ్మకం వీధి చివర మనిషి నుంచి వారంటీ కార్డు మీదికి మారింది. చిక్కల్లా... ఆ కార్డును చెడిపోయేదాకా ఎవరూ చదవరు!

ఫోన్ కొట్టే ముందు...

పెద్దాయన మొదట చేసిన పని దుకాణానికి ఫోన్. ‘‘సార్, అమ్మడం వరకే మా పని. కంపెనీకి ఫోన్ కొట్టండి’’ అన్నాడు అవతల కుర్రాడు. అసలు ఆ ఫోన్ కంటే ముందు ఇంట్లో చేసుకోవాల్సిన పరీక్షలు కొన్నున్నాయి. ఐదు నిమిషాల పని. లోపం టీవీలోదా, బయటిదా అన్నది వీటితో సగం తేలిపోతుంది.

మొదటిది, టీవీ సొంత మెనూ తెరిచి చూడటం. సెట్‌టాప్ బాక్సు తీగ తీసేసి, సెట్టింగ్స్ పేజీ పెట్టాలి. ఆ పేజీ మీద కూడా గీత కనిపిస్తే లోపం టీవీదే. కనిపించకపోతే తప్పు బాక్సుదో, హెచ్‌డీఎంఐ తీగదో కావచ్చు. రెండోది, మాట వచ్చి బొమ్మ రాకపోతే చేసే టార్చిలైటు పరీక్ష. గదిలో దీపాలు ఆర్పి, తెరకు దగ్గరగా ఏటవాలుగా టార్చి వేసి చూడాలి. లోపల మసకగా బొమ్మ కదులుతుంటే ప్యానెల్ బతికే ఉన్నట్టు. పోయింది బ్యాక్‌లైటో, దానికి కరెంటిచ్చే భాగమో అయి ఉంటుంది. ఈ తేడా తెలిస్తే ‘ప్యానెల్ పోయింది సార్, చాలా అవుతుంది’ అన్న మాటకు వెంటనే తలూపాల్సిన పని ఉండదు. మూడోది, వేరే ప్లగ్గులో పెట్టి చూడటం. దీంతో స్విచ్‌బోర్డు సంగతి తేలుతుంది.

ఇవన్నీ చేస్తూనే సెల్‌ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోవాలి. కొన్ని లోపాలు మహా గడుసువి. మెకానిక్ రాగానే మాయమై, ఆయన మెట్లు దిగగానే ప్రత్యక్షమవుతాయి. చూపించడానికి వీడియో ఉంటే ఆ ఆట సాగదు.

చేయకూడని పనీ ఒకటుంది. వారంటీలో ఉన్న టీవీ మూత తెలిసిన మెకానిక్ చేత విప్పించకూడదు. బయటివాళ్లు చేయి పెడితే వారంటీ వర్తించదన్న షరతు కార్డుల్లో మామూలే. పదినిమిషాల తొందర ఏడాది హక్కును పోగొడుతుంది.

కార్డు ఏమంటోంది?

వారంటీ ఉందంటే, చెడిపోగానే కొత్త టీవీ ఇస్తారని చాలామంది లెక్క. కార్డు అలా అనదు. ‘నిర్ణీత కాలంలో తయారీ లోపం బయటపడితే ఉచితంగా బాగుచేస్తాం, లేదా ఆ భాగం మారుస్తాం’ అంటుంది. అంటే మాటిచ్చింది మరమ్మతుకే.

న్యాయస్థానాలు కూడా ఈ గీతను గుర్తించాయి. ఓ కారు కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. వారంటీ షరతు ప్రకారం తయారీదారు బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడమే కాబట్టి, మొత్తం కారును మార్చమనడం సరికాదంది. టీవీ కొన్నవాళ్లకూ ఇది పాఠమే. మొదటిరోజే ‘కొత్తది ఇస్తారా, ఇవ్వరా’ అని కూర్చుంటే వాదన బలహీనపడుతుంది. మరమ్మతుకు అవకాశమిచ్చి, అది విఫలమైందని చూపిస్తే బలపడుతుంది.

కార్డులో ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. మొత్తం టీవీకి వారంటీ ఎన్నాళ్లు, ప్యానెల్‌కి ఎన్నాళ్లు? రెండూ వేర్వేరుగా ఉండొచ్చు. రిమోట్, గోడకు బిగించే స్టాండు దాని కిందికి వస్తాయా? వోల్టేజీ హెచ్చుతగ్గులు, పిడుగుపాటు, నీళ్లు, దెబ్బ తగలడం, పురుగులు చేరడం... ఇవి సాధారణంగా మినహాయింపుల జాబితాలో ఉంటాయి. ఓఎల్ఈడీ తెరల మీద ఒకే బొమ్మ చాలాసేపు నిలిచి ముద్ర పడితే దాన్నీ మినహాయించే కంపెనీలున్నాయి. తెర మీద ఒకటి రెండు చుక్కలు వెలగకపోతే లోపంగా పరిగణించరు. ఎన్ని చుక్కలు దాటితే లోపమో కంపెనీకో లెక్క.

ఇక ‘ఎక్స్‌టెండెడ్ వారంటీ’. బిల్లు వేసేటప్పుడు కౌంటర్లో కుర్రాడు చివరగా అడుగుతాడు, ‘ఇంకొంచెం కట్టండి సార్, మూడేళ్లు నిశ్చింత’ అని. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఆ భరోసా ఎవరిది? టీవీ కంపెనీదా, దుకాణానిదా, మూడో సంస్థదా? మూడో సంస్థదైతే దాని షరతుల కాగితం వేరే ఉంటుంది. అది చేతికొచ్చాకే డబ్బు కట్టాలి. పెద్ద పేరున్న కంపెనీ కూడా శాశ్వతం కాదు. ఇంటింటా టీవీ అమ్మిన వీడియోకాన్ 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. భరోసా పత్రం విలువ దాని వెనక నిలబడేవారిని బట్టే.

దెబ్బ తగిలిందట!

నాలుగో రోజున కంపెనీ టెక్నీషియన్ వచ్చాడు. తెరను అటూ ఇటూ చూశాడు. సెల్‌ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీశాడు. ‘‘ప్యానెల్ సార్. ఎక్కడో దెబ్బ తగిలినట్టుంది. వారంటీలోకి రాదేమో. ఆఫీసులో చెప్తా’’ అన్నాడు. వెళ్లిపోయాడు. కాగితం ఏదీ ఇవ్వలేదు. పెద్దాయన అడగలేదు.

చాలా తగాదాలు ఓడిపోయేది ఇక్కడే. నోటిమాట గాల్లో కలిసిపోతుంది. టెక్నీషియన్ వచ్చిన ప్రతిసారీ జాబ్‌షీట్ అడగాలి. అందులో తేదీ, టీవీ సీరియల్ నంబరు, కనిపించిన లోపం, చేసిన పని రాయించాలి. ‘దెబ్బ తగిలింది’ అంటే ఎక్కడ తగిలిందో, తెర మీద పగులు ఏదో ఆ షీట్‌లోనే రాయమనాలి. పగులు లేకుండా గీత మాత్రమే ఉంటే ఆ మాటా రాయించాలి. సంతకం పెట్టే ముందు చదవాలి. ‘కస్టమర్ సంతృప్తి చెందారు’ అన్న చోట, సంతృప్తి లేకపోతే ‘లోపం అలాగే ఉంది’ అని రాసి సంతకం పెట్టాలి. ఇప్పుడు చాలాచోట్ల కాగితం బదులు సెల్‌ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. ఆ నంబరు చెప్పడమంటే పని పూర్తయిందని ఒప్పుకోవడమే. బొమ్మ బాగుపడ్డాకే చెప్పాలి.

పెద్దాయన మరుసటి రోజు ఆ పని చేశారు. ఉద్యోగంలో ముప్ఫై ఏళ్లు ఫైళ్లు రాసిన చేయి కదా. కంపెనీ కస్టమర్ కేర్‌కీ, దుకాణానికీ కలిపి ఒకే ఈ-మెయిల్ పంపారు. కొన్న తేదీ, బిల్లు నంబరు, సీరియల్ నంబరు, గీత కనిపించిన రోజు, ఫిర్యాదు నంబరు, టెక్నీషియన్ వచ్చిన రోజు, అతను అన్న మాట. కోపం లేదు. విశేషణాలు లేవు. తేదీలు మాత్రం ఉన్నాయి. చివర ఒక్క వాక్యం: ‘తెర మీద పగులు లేదు, ఫొటో జతపరిచాను.’

మూడు రోజుల్లో జవాబొచ్చింది. ప్యానెల్ మారుస్తామని!

మార్చేదెప్పుడు? వాపసు ఎప్పుడు?

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’... బిల్లు కింద ఈ వాక్యం తరతరాలుగా చూస్తున్నదే. లోపమున్న సరుకు విషయంలో ఆ వాక్యాన్ని అడ్డం పెట్టుకోవడం కుదరదు. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 దీన్ని స్పష్టంగానే చెప్పింది. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోపల వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోతే అది అనుచిత వ్యాపార విధానం కిందికి వస్తుంది. బిల్లులో గడువు ఏదీ లేకపోతే 30 రోజులు లెక్క. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టం దృష్టిలో అనుచితమే. ‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం’ అనే మాటకు పడిపోతే, తగ్గేది ధర ఒక్కటే కాదు.

ఆన్‌లైన్‌లో కొంటే? ఈ-కామర్స్ నియమాలు 2020 జులైలోనే వచ్చాయి. వాటి ప్రకారం వస్తువు లోపభూయిష్ఠమైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోవడానికి అమ్మినవారు నిరాకరించకూడదు. సైట్ నడిపేవారు ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అయితే పెట్టె విప్పిన తొలి రోజుల్లోనే లోపం చెప్పినవాళ్ల పని తేలిక. ‘రిటర్న్ విండో’ పేరుతో సైట్లు ఇచ్చే కొద్దిరోజుల గడువు దాటాక చాలామందిని కంపెనీ సర్వీస్‌కే పంపుతారు.

బర్కత్‌పుర లాంటి పేటల్లో ఇంకో సందేహం మామూలు. ‘టీవీ మా అబ్బాయి అమెరికా నుంచి బుక్ చేశాడు. బిల్లు వాడి పేరు మీద ఉంది. మేం ఫిర్యాదు చేయొచ్చా?’ చేయొచ్చు. కొన్నవారి అనుమతితో వస్తువు వాడుకునేవారూ చట్టం దృష్టిలో వినియోగదారులే. పైగా 2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసుకోవచ్చు. అమ్మిన సంస్థ ఆఫీసు ఏ బెంగళూరులోనో, గురుగ్రామ్‌లోనో ఉందని అక్కడికి వెళ్లక్కర్లేదు. లాడ్జి గదుల్లో పెట్టడానికి వ్యాపారం కోసం కొన్న టీవీలైతే లెక్క వేరు. వాణిజ్య అవసరానికి కొన్నవారిని ఈ చట్టం సాధారణంగా వినియోగదారులుగా చూడదు.

1915... ఒక ఫోన్ కాల్

పెద్దాయన ఇంట్లో కొత్త ప్యానెల్ వచ్చింది. నెల గడిచింది. ఈసారి గీత కాదు, సగం తెర చీకటి. మళ్లీ టెక్నీషియన్. మళ్లీ బోర్డు మార్పు. రెండు వారాలకు మళ్లీ అదే చీకటి. ఆవిడ టీవీ మీద గుడ్డ కప్పేశారు. ‘‘దాన్ని చూస్తుంటే డబ్బులే గుర్తొస్తున్నాయండీ’’ అన్నారు. పింఛన్‌లోంచి నెలనెలా కట్టే వాయిదా మాత్రం ఆగలేదు.

కథ ఇక్కడిదాకా వస్తే తలుపు తట్టాల్సింది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ని. నంబరు 1915. తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఫిర్యాదును నమోదు చేసుకుని కంపెనీకి పంపి జవాబు రాబడతారు. ఇది కోర్టు కాదు. ఆదేశాలు ఇవ్వలేదు. కానీ కస్టమర్ కేర్‌లో ‘మీ కాల్ మాకు ముఖ్యం’ అన్న పాట వినీ వినీ విసిగిన ఫిర్యాదు ఒక్కోసారి ఇటునుంచి వెళ్తే కంపెనీలో పై బల్ల మీదికి చేరుతుంది. డబ్బు ఖర్చు లేదు. ఫలితం రాకపోయినా ఒక నంబరు, ఒక తేదీ మిగులుతాయి. అవి కూడా ఫైల్లోకే.

ఆ తర్వాత నోటీసు. చట్టం దీన్ని తప్పనిసరి చేయలేదు. అయినా స్పీడ్ పోస్టులో దుకాణానికీ కంపెనీకీ ‘ఇన్ని రోజుల్లో సరిచేయకపోతే కమిషన్‌కి వెళ్తాం’ అని రాయడం మేలు. చాలా వివాదాలు ఈ మెట్టు దగ్గరే దిగివస్తాయి.

నాంపల్లి మెట్లెక్కితే...

1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం పొందిన తొలి వినియోగదారుల చట్టంతో జిల్లా ఫోరాలు వచ్చాయి. ఆ రోజునే ఏటా జాతీయ వినియోగదారుల దినోత్సవం జరుపుకుంటున్నాం. కొత్త చట్టంలో వాటి పేరు ‘కమిషన్’గా మారింది. హైదరాబాద్ జిల్లా కమిషన్లంటే నగరవాసులకు గుర్తొచ్చేది నాంపల్లి. బర్కత్‌పుర నుంచి పెద్ద దూరమేం కాదు. ఆ దూరం కూడా వద్దనుకుంటే ఆన్‌లైన్‌లో వేయొచ్చు. 2020లో వచ్చిన ‘ఈ-దాఖిల్’ తర్వాత 2025 జనవరి 1న ‘ఈ-జాగృతి’ పోర్టల్ మొదలైంది.

చెల్లించిన ధర 50 లక్షల రూపాయలదాకా ఉంటే జిల్లా కమిషన్ చాలు. ఐదు లక్షల లోపు ధరకు ఫీజు లేదు. ఇంట్లో కొనే టీవీలు దాదాపు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. లాయరు తప్పనిసరి కాదు. ఎవరి కేసు వారే చెప్పుకోవచ్చు. ఎదుటిపక్షంగా దుకాణాన్నీ, తయారీ కంపెనీనీ ఇద్దరినీ చేర్చడం మంచిది. ఒక్కరినే చేరిస్తే ‘తప్పు వాళ్లది’ అని లేనివాళ్ల మీదికి నెట్టే వీలుంటుంది.

గడువు మరిచిపోకూడదు. వివాదానికి కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపించాలి. ఏడాది వారంటీ వేరు, ఈ రెండేళ్ల గడువు వేరు. వారంటీలో ఉండగా చెప్పిన లోపాన్ని సాగదీసి సాగదీసి ‘ఇప్పుడు వారంటీ అయిపోయింది’ అన్నారంటే భయపడక్కర్లేదు. మొదటి ఫిర్యాదు తేదీ కాగితం మీద ఉంటే చాలు.

అవతలివారికి జవాబివ్వడానికి 30 రోజులు. మహా అయితే మరో 15. అంతకుమించి ఇవ్వడానికి వీల్లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పరీక్ష అవసరం లేని కేసును మూడు నెలల్లో, ప్రయోగశాల పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో ముగించేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంటుంది. ఓపిక ఉండాలి. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మధ్యవర్తిత్వానికీ వెళ్లొచ్చు.

లోపం ఉందని చూపాల్సిన బాధ్యత మొదట ఫిర్యాదు చేసినవారిదే. కంటికి కనిపించే లోపమైతే వీడియో, జాబ్‌షీట్లు మాట్లాడతాయి. తేలకపోతే కమిషన్ టీవీని ప్రయోగశాలకు పంపించవచ్చు. అందుకు ఫీజును ఫిర్యాదుదారు ముందు జమచేయాల్సి రావచ్చు. ఇదంతా చూస్తే ఒకే లోపానికి మూడుసార్లు వచ్చినట్టు కంపెనీ మనిషే రాసిచ్చిన మూడు జాబ్‌షీట్లు ఎంత విలువైనవో అర్థమవుతుంది. కంపెనీ వైపు నుంచి వచ్చిన సాక్ష్యం అది!

గెలిస్తే ఏమొస్తుంది? లోపం సరిచేయమనొచ్చు. అదే రకం కొత్త వస్తువు ఇమ్మనొచ్చు. ధర వాపసు ఇమ్మనొచ్చు, దానిపై వడ్డీ కూడా. పడిన ఇబ్బందికి పరిహారం, ఖర్చులు ఇప్పించొచ్చు. ఆదేశాన్ని ఖాతరు చేయకపోతే నెలకు తగ్గకుండా మూడేళ్లదాకా జైలు, లేదా 25 వేలకు తగ్గకుండా లక్షదాకా జరిమానా, లేదా రెండూ. టీవీ పేలి మనిషికి గాయమైనా, ఇంట్లో వస్తువులు తగలబడినా అది వేరే సంగతి. దానికి ‘ఉత్పత్తి బాధ్యత’ కింద పరిహారం అడిగే వీలును 2019 చట్టం ప్రత్యేకంగా కల్పించింది.

ఒక్క మాట కోసం

బర్కత్‌పుర పెద్దాయన నాంపల్లిదాకా వెళ్లలేదు. 1915కి ఫోన్ చేశారు. మూడు జాబ్‌షీట్ల నకళ్లతో నోటీసు పంపారు. పదిరోజులకు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. గొంతులో మర్యాద పెరిగింది.

‘‘సార్, టీవీ మార్చిస్తాం. రీఫర్బిష్డ్ యూనిట్ పంపిస్తాం. ఓకే అనండి చాలు.’’

ఆవిడ ముఖం వెలిగింది. ‘‘ఒప్పేసుకోండి. పోనీలెండి, ఏదో ఒకటి’’ అని సైగ చేశారు. అలసిపోయినవాళ్లు ‘ఓకే’ అనేది ఇక్కడే. రీఫర్బిష్డ్ అంటే ఎవరో వాడి తిప్పిపంపితే బాగుచేసిన టీవీ. మరికొన్నిసార్లు ‘ఇన్ని నెలలు వాడారు కాబట్టి ఇంత తగ్గించి డబ్బిస్తాం’ అంటారు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం కొన్నవారి ఇష్టం. కానీ కమిషన్ ఆదేశించగల మార్పిడిని చట్టం వర్ణించిన తీరు గుర్తుంచుకోవాలి. ఏ లోపమూ లేని, అదే తరహా ‘కొత్త’ వస్తువు. ఆ ఒక్క మాట తెలిసినవాళ్ల బేరం వేరేగా ఉంటుంది.

పెద్దాయన ఫోన్లో ఏమీ అనలేదు. రాసి పంపమన్నారు. తర్వాత తిరుగు ఈ-మెయిల్‌లో రెండే వాక్యాలు. ‘కొత్త యూనిట్ అయితే సమ్మతం. వారంటీ ఎప్పటినుంచి లెక్కిస్తారో రాతపూర్వకంగా తెలపగలరు.’

వారం తర్వాత పెట్టె వచ్చింది. సీలు ఉంది. కుర్రాడు విప్పబోయాడు.

‘‘ఆగు బాబూ’’ అన్నారు ఆవిడ. లోపలికెళ్లి పెద్దాయన సెల్‌ఫోన్ తెచ్చి వీడియో ఆన్ చేశారు. ‘‘ఊఁ... ఇప్పుడు విప్పు. ఆ సీరియల్ నంబరు కాస్త ఇటు చూపించు నాయనా.’’

కొన్నరోజునే ఇవి చేయండి

* బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్లు ఉన్నాయో లేదో చూడండి. పెట్టె మీది నంబరు, టీవీ వెనక నంబరు, బిల్లు మీది నంబరు ఒకటే అయి ఉండాలి.
* బిల్లు, వారంటీ కార్డు ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. ఆ బిల్లుల మీది అక్షరాలు కొన్ని ఏడాది తిరక్కుండానే చెరిగిపోతాయి.
* పెట్టె విప్పడం నుంచి బొమ్మ వచ్చేదాకా వీడియో తీయండి. గోడకు బిగించే పని కంపెనీ మనిషి చేత చేయించండి.
* టీవీ మీద బీఐఎస్ నమోదు గుర్తు, ‘ఆర్’తో మొదలయ్యే నంబరు చూడండి. ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ నంబరు సరిచూసుకోవచ్చు.
* తొలి వారంలోనే అన్నీ వాడి చూడండి: అన్ని హెచ్‌డీఎంఐ రంధ్రాలు, వైఫై, మాట, రిమోట్. తెర మొత్తం తెలుపు, మొత్తం నలుపు చేసి చుక్కలు, మచ్చలు వెతకండి.
* అట్టపెట్టె, లోపలి థర్మకోల్ కనీసం నెల రోజులు దాచండి. వాపసు ఇవ్వాల్సివస్తే ముందు అడిగేది అదే.
* ఫోన్లో మాట్లాడిన ప్రతి మాటనూ అదేరోజు ఈ-మెయిల్‌గా రాసి పంపండి. తేదీ వేయడం మరవొద్దు.